మూలకొక్క బోల్టు

మనిషి ఒంట్లో రెండు వందల ఆరు ఎముకలున్నాయి. అందులో ఊరికే కూర్చున్నది ఒక్కటీ లేదు. (ఇది ఏ ఆఫీసునూ ఉద్దేశించి అన్నది కాదు.)

ఇనుప ర్యాకులు అమ్ముకునేవాణ్ణి కనుక ఈ సంగతి నాకు తేలిగ్గానే బోధపడింది. అస్థిపంజరమంటే దేవుడు బిగించిన ర్యాకు. ఆయన బోల్టుల దగ్గర పీనాసితనం చూపలేదు, అంతే తేడా. మూలకు రెండు పెట్టాల్సిన చోట నేను ఒక్కటే పెడతాను. "ఏనుగెక్కినా కదలదు" అని కొనేవాళ్లకు చెప్పీ చెప్పీ, చివరికి నేనే నమ్మి, పోయిన వారం నా కొట్లో ర్యాకు ఎక్కాను. కుడి ముంజేయి విరిగింది. బొటనవేలితో సహా సిమెంటు కట్టు వేశారు.

కొట్టు లైసెన్సు పొడిగించాలంటే కుడి బొటనవేలి ముద్ర పడాలి. గడువు ఇవాళ సాయంత్రం దాకానే. దాటితే కొట్టుకు తాళం. ముద్ర లేకుండా పని జరగాలంటే ఎముకల ధ్రువీకరణాధికారి మినహాయింపు ఇవ్వాలి. ఆయన ఫారంలో ఏడో గడి ఇలా ఉంది: "ప్రమాదం వల్ల ఎముకలు మానేసిన పని ఏది? ఒక్కటే రాయవలెను."

ఆయన ఆఫీసులో, ఆయన ఎదురుగానే, నా చేతికి బదులు నా భార్య "కదలిక" అని రాసింది.

"కదలిక పోతే ఇక్కడిదాకా ఎలా వచ్చాడమ్మా?" అని అధికారి కొట్టేశాడు.

"రక్షణ" అని రాసింది.

"గుండె కొట్టుకుంటోందిగా. పక్కటెముకలు డ్యూటీలోనే ఉన్నాయి."

"రక్తం తయారీ."

"ఆయన మొహం చూడు, ఎంత ఎర్రగా ఉందో."

(అది కోపం. ఫారంలో దానికి గడి లేదు.)

"కాల్షియం నిల్వ."

"స్టాకు తనిఖీ మా సెక్షను కాదు."

ఇక మిగిలింది ఒంటిని నిలబెట్టడం ఒక్కటే. "ఏమండీ, కొంచెం కూలబడండి. ఇంట్లో పని చెబితే బాగానే కూలబడతారుగా" అని నా భార్య గొణిగింది.

కూలబడ్డాను. అధికారి మొహంలో జాలి కనిపించింది. పెన్ను మూత తీశాడు.

అప్పుడే ఆయన వెనకున్న ఫైళ్ల ర్యాకు కిర్రుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. మూడేళ్ల కిందట దాన్ని బిగించింది నేనే. ఆయన నెత్తి మీదికి ఒరుగుతుంటే ఒక్క దూకు దూకి వీపు ఆనించాను. ర్యాకు ఆగింది.

అధికారి తల తిప్పి చూసి, నింపాదిగా రాశాడు: "నిలబెట్టు పని భేషుగ్గా సాగుతున్నది. మినహాయింపు అక్కర్లేదు."

"వదిలేసి రండి!" అంది నా భార్య.

"వదిలితే ఆయన మీద పడుతుందే."

"పడనివ్వండి. ఏడో గడి ఆయనే నింపుకుంటాడు."

"కొత్త ర్యాకు వచ్చేదాకా కదలకండి" అన్నాడు అధికారి.

"ఎప్పుడొస్తుందండీ?"

ఆయన రిజిస్టరు తిరగేశాడు. "మాకు ర్యాకులు పంపే కొట్టు ఒక్కటే ఉంది. దాని లైసెన్సు ఈ సాయంత్రంతో సరి."