ఆకు మడిచేదాకా

1984 ఫిబ్రవరి ఇరవయ్యో తేదీ పొద్దున సంజీవరావు తిన్నది చద్దన్నం, గోంగూర పచ్చడి. వంటింట్లో గారెలు వేగుతున్నా ఆయన ఒక్కటీ ముట్టలేదు. అవి పాఠానికి.

పొదిలి దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆయన అర్థశాస్త్రం చెబుతాడు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ రోజు పేరయ్య గారనే ఇన్‌స్పెక్టరు వచ్చి పాఠం వింటారు. ఆయన పెదవి విరిస్తే వేసవి సెలవులతో ఉద్యోగం సరి, అద్దె ఇల్లూ సరి. అత్తగారు పున్నమ్మ పొన్నూరులో ఉన్న చిన్నకూతురి దగ్గరికి వెళ్లిపోతుంది. భార్య రెబ్కా పోయాక ఆ ఇంట్లో రెండో మనిషి అలికిడి పున్నమ్మదే. పక్క గదిలో ఆవిడ దగ్గు వినపడితేనే ఆయనకు నిద్రపట్టేది.

"ఇన్ని గారెలు ఎవరికి నాయనా?" అంది పున్నమ్మ.

"ఒక పిల్లవాడు అందరి ముందూ తింటాడు అత్తయ్యా. మొదటిది అమృతంలా ఉంటుంది. తింటున్నకొద్దీ ఆశ తగ్గి, చివరికి వద్దంటాడు. దాన్నే క్షీణోపాంత ప్రయోజన సూత్రం అంటారు."

పున్నమ్మ చిల్లుగరిటె ఆపి అల్లుడి వంక చూసింది. "నా గారె వద్దనేవాణ్ణి నేనింతవరకు చూళ్లేదు."

అప్పుడే ఆయన భయపడి ఉండాల్సింది. కానీ ఉన్న భయమంతా ఇన్‌స్పెక్టరు మీదే ఉండటంతో, కారియరు కూడా ఇంట్లోనే మర్చిపోయి కాలేజీకి పరుగెత్తాడు.

తరగతి కిటికీ పక్కనే మిరప కళ్లం. ఘాటుకి గదంతా దగ్గుతోంది. పేరయ్య గారు చివరి బెంచీ మీద కర్రలా కూర్చున్నారు. గారెలు ఇంట్లోనే ఉండిపోయాయని సంజీవరావుకి గుర్తొచ్చేసరికి, గుమ్మంలో పున్నమ్మ కనిపించింది. ఒక చేతిలో గారెల కారియరు, ఇంకో చేతిలో కోడికూర గిన్నె. కూర ఎవరూ అడగలేదు.

పత్తి రైతు కొడుకు బుడాన్ ముందుకొచ్చి పున్నమ్మ వేసిన ఆకు ముందు కూర్చున్నాడు. మొదటి గారెకి కళ్లు మూసుకున్నాడు.

"ఎట్లా ఉందిరా?"

"చాలా బాగుందండి."

తర్వాతది, "బాగుందండి." ఆ తర్వాతది, "చాలండి."

సంజీవరావు ప్రాణం లేచొచ్చింది. బోర్డు వైపు తిరిగి, తగ్గే ప్రయోజనాన్ని చూపే గీతను కిందికి దించాడు. మళ్లీ తిరిగి చూస్తే బుడాన్ ఆకులో కొత్త గారె, దాని మీద కోడికూర. పున్నమ్మ పెరిగిన ఊళ్లో చాలనడం మర్యాద. ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టడం ఇంకాస్త మర్యాద. ఆకు మడిస్తేనే నిజంగా చాలినట్టు.

"మొహమాటపడకు నాయనా, తిను."

బుడాన్ కళ్లు మెరిశాయి. "ఇది మొదటిదానికన్నా బాగుందండి."

సంజీవరావు చెమటలు తుడుచుకుని, గీత చెరిపి పైకి గీశాడు. పేరయ్య గారు లేచారు.

"అమ్మా, ఇక చాలు."

పున్నమ్మ ఆయన ఖాళీ బెంచీ వంక చూసి నొచ్చుకుంది. "అయ్యో, మీకసలు వెయ్యనే లేదు."

"నాకొద్దమ్మా."

ఆ మాటకి బెంచీ మీద ఆకు, ఆకులో రెండు గారెలు పడ్డాయి. "వద్దంటున్నానుగా" అన్నందుకు కూర పడింది. మొహమాటస్తుడైన పేరయ్య గారు తిన్నారు. కన్నీళ్లు మిరప ఘాటువో కోపానివో తెలియలేదు. చివరికి బెల్టు వదులు చేసుకుని, అటెండరు ఆదాం భుజం పట్టుకుని, స్టాఫ్ రూములోకి వెళ్లి తలుపేసుకున్నారు.

కాసేపటికి ఆదాం ఒక్కడే బయటికొచ్చాడు.

"పడుకున్నారండి. పలకట్లేదండి."

"ఊపిరి ఆడుతోందా?"

"గురక పెడుతున్నారండి."

సాయంత్రం ఇద్దరూ ఇంటికి చేరారు. దీపం పెట్టాక పున్నమ్మే అంది: "నా చేతులారా చెడగొట్టాను. నేను పొన్నూరు పోతాలే నాయనా."

ఆయన వద్దనేలోపే తలుపు చప్పుడైంది. పేరయ్య గారు. సంజీవరావు గోడకి ఆనుకుపోయాడు.

"మాస్టారూ, మీ పాఠంలో ఒక లోపం ఉంది."

"చెప్పండి సార్."

"ఆశ ఎట్లా తగ్గుతుందో చెప్పారు. మళ్లీ ఎప్పుడు పుడుతుందో చెప్పలేదు." ఆయన వంటింటి వైపు చూశారు. "ఏమన్నా మిగిలాయా?"

పున్నమ్మ అప్పటికే ఆకు వేసేసింది.

"మీ కరస్పాండెంటుతో చెప్పే వచ్చాను, మిమ్మల్ని ఖాయం చెయ్యమని" అన్నారాయన నములుతూ. "నా సర్వీసులో ఒక పాఠం కడుపు దాకా దిగడం ఇదే మొదటిసారి." ఇంకో గారె తిని, "చాలమ్మా" అన్నారు.

పున్నమ్మ ఈసారి ఆగింది. భయంభయంగా అల్లుడి వంక చూసింది.

"సార్ ఇంకా ఆకు మడవలేదు అత్తయ్యా" అన్నాడు సంజీవరావు.

ఆయన వెళ్లాక పున్నమ్మ డబ్బా తెరిచి మినప్పప్పు గిన్నెలో పోసింది.

"రేపేం పాఠం నాయనా?"

"గిరాకీ."

ఆవిడ ఇంకో గుప్పెడు పోసింది. వద్దంటే ఏమవుతుందో తెలిసినవాడు కాబట్టి సంజీవరావు నోరు మెదపలేదు. పున్నమ్మ పప్పులో నీళ్లు పోసి, మళ్లీ పొన్నూరు మాట ఎత్తకుండా వీధి తలుపు మూసింది.