లోపలి అంచు

ఆ రోజు అనుకున్న పని చాలా చిన్నది. ఎనిమిదింటికి బయలుదేరాలి, మూడు గంటల ప్రయాణం చేసి పక్క నగరం చేరాలి, సాయంత్రం నాలుగు లోపల కూతురు కొత్త ఉద్యోగంలో చేరినట్టు సంతకం పెట్టాలి. నాలుగు దాటితే ఆ కుర్చీ ఇంకొకరిది. బండి నడిపేది కొడుకు. ఆ బండి కూడా కొడుకుదే. తల్లి దిగులంతా అక్కడే ఉంది.

పందెపు గుర్రంలాంటి ఆ కారును కొడుకు ఎవరి దగ్గరో పాతదిగా కొన్నాడు. కొన్నవాడు ఊరుకోక స్ప్రింగులు మార్పించి నేలకు బాగా దించేశాడు. ఇప్పుడు దాని కింద నుంచి పిల్లి కూడా తల వంచుకునే వెళ్ళాలి.

"కిందికి ఉంటే రోడ్డుని పట్టుకుంటుందమ్మా."

"పట్టుకుంటుందో, పడుకుంటుందో" అంది తల్లి.

ఆవిడ ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతుంది. ముప్పై ఏళ్ళుగా మెడలో కొలతల టేపూ, మనసులో కీడూ ఆవిడను వదల్లేదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆవిడకు మొదటి సగానికే పొద్దు చాలదు. పిల్లల ప్రయాణానికి చేయాల్సిన జాగ్రత్తలన్నీ తెల్లవారకముందే చేసేసింది. కొన్ని చెప్పి చేసింది, ఒకటి చెప్పకుండా చేసింది.

ఆఖరి జాగ్రత్తగా కారు పక్కన చాప పరిచి, వెల్లకిలా పడుకుని, ముందు చక్రం వెనక్కి చెయ్యి పోనిచ్చింది.

"అమ్మా, ఏంటా పడక?" అన్నాడు కొడుకు, చెల్లెలి పెట్టె మోసుకొస్తూ.

"చూస్తున్నా."

"ఏం చూస్తున్నావ్?"

"దొరికితే చెప్తా... అబ్బా!"

చూపుడువేలు కొసన రక్తపు చుక్క. ఆవిడ వేలికి సూది గుచ్చుకోవడం కొత్త కాదు. టైరు గుచ్చుకోవడం మాత్రం అదే మొదలు.

"కొత్త టైర్లే అవి, ఐదు నెలలు కాలేదు. గీతలెంత లోతున్నాయో చూడు" అన్నాడు కొడుకు. బయటివైపు నిజంగానే కొత్తవి. కానీ తల్లి పట్టుబట్టి స్టీరింగు ఆ చివరికంటా తిప్పించింది. అప్పుడు కనబడింది లోపలి అంచు. నున్నగా గుండు కొట్టినట్టుంది. అందులోంచి ఇనుప తీగలు, అంచు విప్పిన గుడ్డలోంచి దారాల్లా, బయటికి తొంగి చూస్తున్నాయి. రెండో వైపూ అంతే.

తల్లికి భయం వేసింది. భయాన్ని మించి అబ్బురం వేసింది. పైకి ఇంత దర్జాగా మెరుస్తూ నిలబడి, ఎవరూ చూడని చోట పీలికలైపోతోందే, దీనికెంత గుట్టు!

తండ్రి వంగి చూసి, "గాలి తక్కువై ఉంటుంది" అన్నాడు. ఆయనకు లోకంలో ఏ టైరుకైనా ఒకటే జబ్బు.

"మీ చెప్పులకీ గాలి తక్కువేనా? అవీ లోపలివైపే అరుగుతాయి. కాళ్ళు చెరో దిక్కుకీ పెట్టి నడుస్తారుగా మీరు. ఇదీ ఆ బాతు నడకే నడుస్తోంది."

"బండికీ నాకూ పోలికేమిటే?"

"అమ్మా, నా ఉద్యోగం!" అంది కూతురు గడియారం చూసుకుంటూ.

"ఉద్యోగం పోతే ఇంకోటి వస్తుంది. ఈ టైర్ల మీద మీరిద్దరూ ఊరు దాటితే నా ప్రాణం ఇక్కడే పోతుంది. ముందు టైర్ల షాపుకి పదండి. నేనూ వస్తాను. ఎంత వేగంగా పోవాలో నేను చెప్తా."

షాపు రెండు వీధుల అవతలే. ఆవిడ చెప్పిన వేగానికి ముందు ఒక సైకిలు దాటిపోయింది, తర్వాత చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన క్షేమం అడిగి మరీ దాటిపోయాడు. నలుగురి బరువుకి కారు స్పీడు బ్రేకరు మీద కడుపు గీరుకోకుండా ప్రతిసారీ తండ్రిని దించారు. మూడోసారి దిగిన మనిషి ఇక ఎక్కలేదు. అందరికంటే ముందే షాపు చేరి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

మేస్త్రి నెరిసిన మీసాల మనిషి. డిక్కీ తెరిచి పెట్టెలు బయట పెట్టించాడు. "బరువేదీ ఉండకూడదు. మోసే బరువుని బట్టి చక్రాలు ముఖం తిప్పేస్తాయి" అన్నాడు. డిక్కీ గుంటల్లో ఒద్దికగా ఒదిగిన నల్లటి దిండ్లమీద చెయ్యేసి నిమిరి, "ఏం పనితనం! కంపెనీ వాళ్ళ కుట్టు కుట్టే" అని మూశాడు. తల్లి ఏదో అనబోయి, చీరకొంగు సర్దుకుంది.

కారు పైకి లేచింది. చప్పుడు లేకుండా, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు, ఒక ఇనుప చెయ్యి అంత బండినీ మనిషి ఎత్తుకు లేపింది. నాలుగు చక్రాలకూ నాలుగు పలకలు తగిలించారు. గోడమీది తెరమీద ఎర్రటి అంకెలు వెలిగాయి. కొలతలంటే టేపే అనుకున్న ఆవిడ నోరు తెరుచుకుని చూసింది. చక్రాల వాలులో వెంట్రుకవాసి తేడాను కూడా పట్టుకుంటుందట ఆ యంత్రం.

మేస్త్రి నేలమీద అరచెయ్యి ఆనించాడు. "ఇంత బండీ నేలకి తగిలేది ఇంతేనమ్మా. చక్రానికో అరచెయ్యి."

ఆవిడ తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "నాలుగు అరచేతులా? నా పిల్లలిద్దరూ ఇన్నాళ్ళూ పోతున్నది నాలుగు అరచేతుల మీదా?"

"అందులో రెండు చిరిగినవి" అంది కూతురు.

"బండి దించితే చక్రాలు తల లోపలికి వాలుస్తాయి. అది టైరుని కొంచెమే తింటుంది" అన్నాడు మేస్త్రి. "ఇది అది కాదు. ముందు చక్రాలు రెండూ చెరో దిక్కుకీ చూస్తూ ముందుకి ఈడ్చుకుపోతున్నాయి. నమిలి పారేశాయి."

"బాతు నడక" అంది తల్లి.

"అదేనమ్మా! ఎవరు చెప్పారు మీకు?"

"మా ఆయన చెప్పులు."

మేస్త్రి పాత కాగితం తీశాడు. స్ప్రింగులు మార్చిన రోజు తానే సరిచేశాడు. అంకెలన్నీ పచ్చగా ఉన్నాయి. "నా చేతుల్లోంచి సరిగ్గానే వెళ్ళింది. తర్వాత ఎవరో గట్టిగా గుద్దారు. ఎవరు?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ముందు తండ్రి లేచాడు. "ఒక్కసారే... ఆఫీసుకి తీసుకెళ్ళి, గట్టు ఎక్కించాను."

"నాన్నా, అది మీరా! నేను వెనక్కి నడపడం నేర్చుకుంటూ చెత్తకుండీని గుద్దా. అదే కారణమని ఇన్నాళ్ళూ ఏడుస్తున్నా" అంది కూతురు.

కొడుకు తల దించుకున్నాడు. "అమ్మా, ఆ ఆదివారం నేను స్నేహితుడి ఇంటికి వెళ్ళలేదు. కొండ దారిలో పందెం."

"పందెమా!" తల్లి గొంతుకి షాపులో స్పానర్లు ఆగిపోయాయి. "ఇంటిల్లిపాదీ ఒక్క నిజం చెప్పరు! ఇంత దాపరికమా నా కొంపలో? నాకు తెలియకుండా ఈ బండితో ఇన్ని వేషాలా?" ముగ్గుర్నీ వరసగా కడిగేసింది. కడుగుతున్నకొద్దీ ఆవిడ గొంతు ఎందుకో సన్నబడుతూ వచ్చింది.

మేస్త్రి కొత్త టైర్లు వేశాడు. కిందికి చేరి కడ్డీలు తిప్పాడు. అంకెలు ఒక్కొక్కటే ఎరుపు వదిలి పచ్చబడ్డాయి. "అచ్చం పోయినసారి లాగే వచ్చాయి. ఈ నట్టు బిగిస్తే అయిపోయింది."

పోయినసారి లాగే. ఆ మాట తల్లికి సూదిలా దిగింది. దొంగకి తేలు కుట్టినట్టయింది. ఇప్పుడే కదా ముగ్గుర్నీ నిలబెట్టి కడిగింది! నోరు విప్పితే పరువు పోతుంది. విప్పకపోతే... అరచేతిని మళ్ళీ చూసుకుంది.

"ఆగు నాయనా, బిగించకు! ఆ దిండ్లు కంపెనీవి కావు. నావి."

మేస్త్రి బండిని కిందికి దించాడు. అందరూ డిక్కీ దగ్గర మూగారు. ఆవిడ గుంటల్లోంచి ఒక దిండు లాగబోయింది, రాలేదు. కొడుకు లాగితే వచ్చింది, నడుము పట్టేసింది. ఇసుక. డిక్కీ గుడ్డ రంగుకే రంగు, అంచుకే అంచు కలిపి కుట్టిన నాలుగు ఇసుక దిండ్లు.

"ఎప్పటివమ్మా ఇవి?"

"నువ్వు బండి దించుతానన్న రోజే కుట్టి పెట్టేశా. పోయినసారి ఇక్కడ కొలిచినప్పుడూ లోపలే ఉన్నాయి. బరువు లేకపోతే గాలికి లేస్తుందేమోనని."

"మరి మధ్యలో నాకెప్పుడూ కనబడలేదే?"

"బండి బద్ధకిస్తోందని నువ్వే గోల పెట్టావుగా. ఇక్కణ్ణించి తెచ్చిన మర్నాడే తీసేశా. ఇవాళ దూరం కదాని మళ్ళీ పెట్టా."

కొడుకు మేస్త్రి వైపు తిరిగాడు. "ఆ మర్నాడే బండి పరుగందుకుంది! మీ చేతిలో మహిమ ఉందని ఊరంతా చెప్పాను."

"విని నలుగురొచ్చారు" అన్నాడు మేస్త్రి ముభావంగా.

ఒక్కో దిండు బయటికి వస్తుంటే తెరమీద ఒక్కో పచ్చ అంకె ఎర్రబడింది. నాలుగోది దిగేసరికి మొత్తం ఎరుపు, మొదట చూసినదానికి రెండింతలు. చక్రాలు అందరి కళ్ళముందే ముఖం తిప్పేసుకున్నాయి. గట్టూ, చెత్తకుండీ, కొండా కదిపింది కొంచెమే. ఐదు నెలలుగా టైర్లను అసలు నమిలింది తల్లి భయం.

మేస్త్రి దిండ్లను తూకం వేశాడు. "సరిగ్గా అరవై రెండు కిలోలు. ఈ లెక్కేంటమ్మా?"

"వీడి బరువే. ఇంకో వీడు వెనక కూర్చుని బండిని నేలకి అదిమి పట్టుకున్నట్టుంటుందని..." అంది కొడుకును చూస్తూ.

కొడుకు వంగి ఒక దిండుకి అంటిన దుమ్ము దులిపాడు.

మేస్త్రి మాత్రం దిండుని రెండు చేతులా ఎత్తి పట్టుకుని, దేవుడి పటాన్ని చూసినట్టు చూశాడు. "ఇలాంటి బండికి నడిపేవాడి బరువు సీట్లో ఉంచి సరిచేస్తేనే అసలైన కొలత. మనుషుల్ని కూర్చోబెడితే ఫోన్ చూసుకుంటూ కదులుతారు. ఇన్నేళ్ళుగా నేను వెతుకుతున్నది ఇదే!"

నాలుగు దిండ్లనూ డ్రైవరు సీట్లో పేర్చారు. తల్లి వెళ్ళి వాటికి బెల్టు పెట్టింది. ఎవరూ నవ్వలేదు. గంటలో అంకెలన్నీ పచ్చబడ్డాయి, నట్లు బిగిశాయి, సీట్లోంచి ఇసుక దిగి కొడుకు ఎక్కాడు.

మూడుంబావుకి ఫోను మోగింది. "చేరాం అమ్మా. సంతకం కూడా పెట్టేశా" అంది కూతురు.

"టైర్లు లోపలివైపు చూశారా?"

"అన్నయ్య చాప కొనుక్కుని మరీ చూశాడు."

అప్పటికే ఆవిడ మిషను ముందు కూర్చుని నల్ల గుడ్డ కత్తిరిస్తోంది. మేస్త్రి ఎనిమిది దిండ్లు పురమాయించాడు. అంచు మాత్రం ఈసారి ఎర్రగా, గుడ్డివాడికి కూడా కనబడేలా కుట్టమన్నాడు.