గుండం మెట్ల మీద ఎర్రచీటీ

ఆ ఆదివారం పొద్దున ఆరున్నరకల్లా బయల్దేరాలన్నది భార్య వేసిన పథకం. ఎండ ముదరకముందే వేడినీటి గుండం చేరుకోవాలి, అత్తగారి మోకాళ్ళను ఓ గంటసేపు నీళ్ళలో నానబెట్టాలి, మధ్యాహ్నానికి ఇల్లు చేరి పడుకోవాలి. ఇందులో భయపడవలసిందేమీ లేదని ఆమె ముందురోజు భర్తకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లు చెప్పవలసి వచ్చిందంటే ఏదో ఉందన్నమాటేనని ఆయన అప్పటినుంచే భయపడటం మొదలుపెట్టాడు.

ఆయన ఒక బిస్కెట్ల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. కారే గొట్టం, వదులైన బోల్టు, వైరు తేలిన స్విచ్చి కంటపడితే చాలు, దాన్ని అక్కడికక్కడే ఆపేసి, జేబులోంచి ఎర్ర అట్టచీటీ తీసి తగిలిస్తాడు. చీటీ మీద 'ప్రమాదం. ముట్టుకోరాదు. కట్టినవారు మాత్రమే విప్పాలి' అని అచ్చువేసి ఉంటుంది. దాని కింద కారణం రాసి సంతకం పెడతాడు. ఆ తరువాత మేనేజరే వచ్చినా దాని మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నాడు కనుక ఫ్యాక్టరీలో అందరూ ఆయన్ని చాటుగా ఎర్రచీటీ గారు అంటారు. చాటుగా అంటున్నామని వాళ్ళు అనుకుంటారు.

ఇంట్లోనూ ఇదే వరస. మిక్సీకి ఒకటి, గీజరుకు ఒకటి, అటక నిచ్చెనకు రెండు. ఒకసారి అత్తగారి చేతికర్రకు అడుగున రబ్బరు అరిగిందని చీటీ కట్టేసి ఆఫీసుకు వెళ్ళిపోతే, పాపం ఆవిడ సాయంత్రందాకా మంచం దిగలేదు. ఇక భార్యకు ఆ చీటీలు చూసి చూసి ఎంత మొహం మొత్తిందంటే, ఎక్కడ ఎర్రగా కనిపించినా చదవకుండా తల తిప్పేసుకోవడం అలవాటైంది.

పదిహేడేళ్ళ కాపురంలో వాళ్ళు ఒక్క సినిమా చివరిదాకా చూడలేదు. హాల్లో ఫ్యాను ఊగుతూ ఉండేది. పడవ షికారు ఒడ్డు మీదే ముగిసింది. సొంత మరదలి పెళ్ళి విందులో షామియానా గుంజ వంగిందని, భార్యను ముద్ద నోట్లో పెట్టుకోకముందే లేపుకొచ్చేశాడు. అందుకే ఆ పొద్దున ఆమె ఆయన సంచీలోంచి హెల్మెటు, తాడు, ఈల, కాలిన గాయాల మందు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పేర్చి, గొంతు పెంచకుండా ఒక మాట చెప్పింది.

"ఇవాళ గనక మీరు భయపడి మమ్మల్ని మధ్యలో లేపుకొచ్చారంటే, ఇకమీదట మీతో గడప దాటను. ఎక్కడికైనా అమ్మా నేనూ వెళ్ళొస్తాం. మీరు ఇల్లు చూసుకోండి."

ఆమె అరిస్తే ఆయనకు ధైర్యంగానే ఉండేది. నెమ్మదిగా చెప్పిందంటే అన్నంత పనీ చేస్తుంది. వాళ్ళిద్దరూ తను లేకుండా లోకంలోకి వెళ్ళడం, అక్కడి మెట్లూ తీగలూ గుంజలూ చూసేవాడు లేకపోవడం తలుచుకుంటే ఆయనకు నిజంగానే ఊపిరాడలేదు. సరేనన్నాడు. ఒక్క ధర్మామీటరు మాత్రం మేజోడులో దోపుకున్నాడు. చీటీల కట్ట ప్యాంటు జేబులో ఉన్న సంగతి ఆయనకే గుర్తులేదు. ఇతరులకు చేతిరుమాలు ఎంతో, ఆయనకవి అంత.

కారులో రెండు గంటలు అరటితోటలూ రబ్బరుతోటలూ దాటి వెళితే గుండం వచ్చింది. కొండ మొదట్లో రాళ్ళ నడుమ నుంచి బుగ్గ సలసల కాగుతూ పొంగుతోంది. చుట్టూ గంధకం వాసన. ఒకతను తీగబుట్టలో కోడిగుడ్లు పెట్టి ఆ బుగ్గలోకి దించి, పది నిమిషాల్లో ఉడికినవి పైకి తీసి అమ్ముతున్నాడు. బుగ్గ నీళ్ళు కాలువలో పారి, కింద రాతితో కట్టిన గుండంలో పడతాయి. గుండంలోకి దిగడానికి ఇరవై మెట్లు.

అత్తగారు ఒక చేత్తో కర్రనూ ఒక చేత్తో కూతురి భుజాన్నీ పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ దిగుతున్నారు. వెనకాల తువ్వాళ్ళు మోస్తూ వస్తున్న అల్లుడికి, పై మెట్టు పక్కన ఒక పాత ఇనుప గొట్టం కనిపించింది. దానికి చక్రంలాంటి వాల్వు, వాల్వు మెడ దగ్గర నుంచి బొట్లు బొట్లుగా కారుతున్న నీళ్ళు, నీళ్ళకు మెట్టు మీద పట్టిన నాచు. ఆయన తువ్వాళ్ళను చంకలోకి మార్చి, రెండు చేతులతో చక్రం బిగించి వాల్వు మూసేసి, చీటీ తగిలించి, కారణం రాసి, సంతకం పెట్టి దిగిపోయాడు. అంతా అరనిమిషం పని. చేతులు చేసుకుపోయాయి తప్ప మనసుకు ఆ కబురు అందనేలేదు.

ఆ గొట్టం ఏమిటో ఆయనకు తెలియదు కానీ మనం తెలుసుకోవచ్చు. పైనున్న సెలయేటి నుంచి గుండంలోకి చన్నీళ్ళు తెచ్చేది అదొక్కటే.

గుండంలో నలభై మంది దాకా ఉన్నారు. అత్తగారు మూలనున్న రాతి అరుగు మీద మెడదాకా మునిగి కూర్చుని కళ్ళు మూసుకున్నారు. భార్య పక్కనే చేరింది. ఆయన దిగలేదు. గట్టున కూర్చుని, ఎవరూ చూడనప్పుడు మేజోడులోంచి ధర్మామీటరు తీసి నీళ్ళలో ముంచాడు. ముప్పై తొమ్మిది. గట్టున ఉన్న బోర్డు మీదా అంతే రాసి ఉంది. పావుగంట ఆగి మళ్ళీ ముంచితే నలభై.

ధర్మామీటరు తప్పు చూపించి ఉంటుందని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. తరువాత నలభై ఒకటి అయింది. బుగ్గ గుడగుడమంది. అది పొద్దుటినుంచీ గుడగుడమంటూనే ఉంది కానీ, ఈసారి గుడగుడలో తేడా ఉన్నట్టు ఆయనకు తోచింది. బాయిలరు కూడా పేలేముందు ఇలాగే సణుగుతుంది. ఫ్యాక్టరీ బాయిలరుకైతే సేఫ్టీ వాల్వు ఉంటుంది, ఏటా పరీక్ష ఉంటుంది. ఈ భూమికి వాల్వు ఎవరు పెట్టారు, చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? కోడిగుడ్డు ఉడకడానికి పది నిమిషాలు. అత్తగారు దిగి అప్పటికి నలభై నిమిషాలైంది.

చెబుదామని నోరు తెరిచాడు. భార్య నీళ్ళలోంచే ఆయనకేసి చూసింది. తెరిచిన నోటిని ఆవలింతగా మార్చుకుని, లేచి కాపలాదారు దగ్గరికి వెళ్ళాడు.

కాపలాదారు ముప్పై ఏళ్ళుగా ఆ గుండాన్నే చూసుకుంటున్న నిదానస్తుడు. సంగతి విని నవ్వాడు. తన సర్వీసులో నీళ్ళు ముప్పై తొమ్మిది దాటలేదని చెప్పి, మర్యాద కోసం గుండంలో చెయ్యి పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. మెట్లెక్కి పైకి వెళ్ళి, దిగి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని వచ్చాడు.

"పైన నోటీసు కట్టారు సార్. ప్రమాదం, ముట్టుకోరాదు అని ఎర్రగా రాసుంది. ఏ ఆఫీసువాళ్ళో ఏమో, నాకు ముక్క కూడా చెప్పలేదు."

ఇంతసేపూ ఎర్రచీటీ గారికి అది తన భయమేనేమో అన్న చిన్న ఆశ ఒకటి ఉండేది. ఇప్పుడదీ పోయింది. తనకంటే ముందే ఎవరో చూశారు, కనిపెట్టారు, నోటీసు కట్టారు.

"కింద సంతకం ఉందా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఉంది సార్."

"అయితే పని తెలిసినవాడే కట్టాడు. దాన్ని ముట్టుకోకండి."

"నేనెందుకు ముట్టుకుంటాను సార్," అన్నాడు కాపలాదారు, రెండడుగులు వెనక్కి వేసి.

ధర్మామీటరు నలభై రెండున్నర చూపించింది. ఆయన గట్టు మీద నిలబడి భార్యను చూశాడు. చెబితే ఈమె ఇక జన్మలో తనతో రాదు. చెప్పకపోతే అసలు ఈమే ఉండదు. ఆ రెండు భయాలనూ తూచి చూస్తే రెండోది పెద్దదిగా తేలింది. ఫ్యాక్టరీలో నెలకొకసారి వల్లించే ప్రకటనను గొంతు సవరించుకుని అందుకున్నాడు.

"అందరికీ మనవి. దయచేసి ఎవరూ ఆందోళన పడవద్దు. తోసుకోకుండా, పరుగెత్తకుండా, దగ్గరలో ఉన్న దారి గుండా బయటికి రండి."

ఎవరూ ఆందోళన పడవద్దన్న మాట వినేదాకా అక్కడ ఎవరికీ ఆందోళన లేదు. విన్న వెంటనే నలభై మందీ ఒక్కసారి లేచారు. భూమి పగులుతుందేమోనని మొదటి మెట్టు మీద ఒకరన్నారు. పదో మెట్టు దగ్గరికి వచ్చేసరికి అది పగులుతోందట అయింది. పై మెట్టుకు చేరేసరికి పగిలింది. ఎవరి తువ్వాలు ఎవరు చుట్టుకున్నారో తెలియదు. గుడ్లతను బుట్టను బుగ్గలోనే వదిలేసి పరుగు తీశాడు. టూరిస్టు బస్సు డ్రైవరు ఇంజను స్టార్టు చేసి హారను మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆ బస్సు అదురుకు గట్టు మీది రాళ్ళు కదిలాయి. దాంతో ఎర్రచీటీ గారికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

జనం తోపులాటలో భార్య మెట్ల మీదికి కొట్టుకుపోయింది. అమ్మా, అమ్మా అని ఆమె పిలుపు వినిపిస్తోంది. గుండంలో ఒక్క అత్తగారు మాత్రం కళ్ళు మూసుకుని అలాగే కూర్చుని ఉన్నారు.

ఆయనకు ఈత రాదు. నీళ్ళు ఛాతీదాకానే అని కాపలాదారు చెప్పినా ఆయన నమ్మి ఉండేవాడు కాదు. అయినా బూట్లతో సహా దిగాడు. వేడి చురుక్కుమంది. అడుగడుగుకూ కింద నేల ఉందో లేదోనని కాలితో తడుముకుంటూ, పళ్ళు టకటకలాడుతుండగా, మూలకు చేరి అత్తగారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఇందాకటిదాకా గోరువెచ్చగా ఏడిశాయి," అన్నారావిడ కళ్ళు తెరవకుండా. "ఇప్పుడే కదా అల్లుడుగారూ, మోకాళ్ళు కాస్త పట్టు వదులుతున్నాయి. ఇంకో పది నిమిషాలు ఉండనివ్వండి."

"అత్తయ్యగారూ, మీకేమన్నా అయితే నేను తట్టుకోలేను. మీ కర్రకు చీటీ కట్టింది కూడా మీరెక్కడ పడిపోతారోననే."

ఆవిడ కళ్ళు తెరిచి చూశారు. నీళ్ళలో నిలబడి నిలువునా వణుకుతున్న అల్లుడిని అంత దగ్గరగా ఆవిడ ఎప్పుడూ చూడలేదు. కర్ర అందుకుని లేచారు.

మెట్లు ఎక్కడంలో ఆవిడే ముందు. దిగడానికి పావుగంట పట్టిన మనిషి కర్రను చంకలో పెట్టుకుని చకచకా ఎక్కేస్తున్నారు. వెనకాల అల్లుడు గోడ పట్టుకుని, మెట్టుకొకసారి ఆగుతూ వచ్చాడు. పై మెట్టు దగ్గర ఆవిడ ఊపిరి తీసుకోవడానికి గొట్టం మీద చెయ్యి వేసి నిలబడ్డారు. చెయ్యి పక్కనే ఎర్రచీటీ ఊగుతోంది. తన కర్రకు వేలాడిన చీటీని సాయంత్రందాకా మంచం మీద నుంచి చూస్తూ గడిపిన మనిషి కనుక, ఆ అక్షరాలు పోల్చుకోవడానికి ఆవిడకు కళ్ళజోడు అక్కర్లేకపోయింది.

"అల్లుడుగారూ, ఇలా రండి. ఈ చేతిరాత మీదే కదా?"

చూశాడు. కారణం: నీరు కారుతోంది. కింద తన సంతకం, తేదీ. చీటీ నుంచి చక్రానికి, చక్రం నుంచి గొట్టానికి, గొట్టం వెంట కిందికి గుండందాకా ఆయన చూపు ఒక్కసారి వెళ్ళి వచ్చింది. ముప్పై తొమ్మిది ఎందుకు నలభై అయిందో, నలభై ఎందుకు నలభై ఒకటి అయిందో అంతా అర్థమైపోయింది. పొద్దుటినుంచీ పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు, ఇప్పటిది ఒక ఎత్తు. అవతల బస్సు దగ్గర తడి బట్టలతో నలభై మంది నిలబడి ఉన్నారు, వాళ్ళను తోసుకుంటూ భార్య ఇటే వస్తోంది.

"ఇప్పుడేం చెయ్యమంటారు అత్తయ్యగారూ?"

"ముందు విప్పండి. కట్టింది మీరే కదా, విప్పే అధికారమూ మీదే."

విప్పాడు. చక్రం తిప్పుతుంటే చేతులు జారిపోతున్నాయి. గొట్టం ఒకసారి దగ్గి, బుసబుసమంటూ చన్నీళ్ళు వదిలింది. సరిగ్గా అప్పుడే కాపలాదారు అక్కడికి వచ్చాడు. పావుగంటలో గుండం మామూలు స్థితికి వస్తే, ఆ పావుగంటలో కాపలాదారు కథ మొత్తం తయారుచేసి జనానికి వినిపించాడు. ఎవడో తెలివితక్కువవాడు చన్నీళ్ళు మూసి నోటీసు కట్టిపోయాడట. ముట్టుకోవడానికి అందరూ జంకితే, ఈ సార్ జనాన్ని బయటికి పంపి, ముసలావిడను కాపాడి, ప్రాణానికి తెగించి వచ్చి వాల్వు తెరిచారట. జనం చప్పట్లు కొట్టారు. టూరిస్టు డ్రైవరు ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఆ చీటీ కట్టింది..." అని ఆయన నిజాయితీగా మొదలుపెట్టాడు. అత్తగారి కర్ర ఆయన బూటు మీద ఆనింది.

"మా అల్లుడుగారికి పొగిడితే గిట్టదు," అన్నారావిడ జనంతో. చీటీ ఎప్పుడో ఆవిడ చేతిసంచీలోకి వెళ్ళిపోయింది.

తిరుగు ప్రయాణంలో అరటితోటలు దాటాక భార్య, స్టీరింగు మీదున్న ఆయన చేతి మీద చెయ్యి వేసి, పదిహేడేళ్ళుగా ఆయన భయాన్ని తిట్టుకుంటూ వచ్చానని, ఇవాళ ఆ భయమే తమను కాపాడిందని, ఇకనుంచి ఎక్కడికి వెళ్ళినా ఆయన లేకుండా వెళ్ళనని చెప్పింది. ఆయనకు నిజం నాలుక చివరిదాకా వచ్చింది. వెనక సీట్లో చేతిసంచీ చప్పుడైంది.

"వచ్చే ఆదివారం మళ్ళీ వద్దాం," అన్నారు అత్తగారు. "ఆ పై ఆదివారం కూడా. నా మోకాళ్ళు కుదుటపడేదాకా ప్రతి ఆదివారం. అల్లుడుగారు కాదనరులే."

అల్లుడుగారు కాదనలేదు. మరుసటి ఆదివారం మెట్ల దగ్గర ఆవిడ ఆయన్ని ఒక ఖాళీ చీటీ అడిగి పుచ్చుకున్నారు. సాయంత్రం తిరిగి ఎక్కేటప్పటికి అది తెరిచే ఉన్న వాల్వుకు వేలాడుతోంది. ఎర్రగా కనిపించగానే భార్య అలవాటుగా తల తిప్పుకుంది. ఆయన మాత్రం ఆగి చదివాడు. ప్రమాదం. ముట్టుకోరాదు. కట్టినవారు మాత్రమే విప్పాలి. కింద అత్తగారి వంకర అక్షరాల్లో, కారణం: అల్లుడు.

నిబంధన నిబంధనే కనుక, ఆయన దాన్ని ఇంతవరకు ముట్టుకోలేదు.