అల్మరాకు వెన్నుదన్ను

ఆదివారం పొద్దున్నే మాస్టారు ఇంట్లో ఎవరూ లేరని రూఢి చేసుకుని చొక్కా చేతులు పైకి మడిచారు. చేయబోయేది నేరమేమీ కాదు. హాల్లో ఊగుతున్న పుస్తకాల అల్మరా వెనక భాగాన్ని గట్టిపరచడం, అంతే. అయినా దొంగచాటుగా చేయాల్సి వచ్చింది. సుత్తి, మేకు, స్క్రూ అన్న మాటలు చెవిన పడితే చాలు, ప్లీడరుగా ఊళ్ళో పేరున్న ఆయన భార్యకు వెంటనే తమ్ముడు గుర్తొస్తాడు.

ఆ అల్మరా కూడా బావమరిది బిగించిందే. అట్టపెట్టెలో ముక్కలుగా వచ్చినదాన్ని గంటలో నిలబెట్టి, అక్క చేత శభాష్ అనిపించుకుని వెళ్ళాడు. వెనక ఉన్నది చెక్క కాదు, చెక్క రంగు వేసిన అట్ట. లా పుస్తకాల బరువు పడగానే అల్మరా తాగినవాడిలా పక్కకు ఒరగడం మొదలుపెట్టింది. పుస్తకాలన్నీ నేల మీదికి దించి, "తమ్ముడొచ్చి చూస్తానన్నాడు. మీరు మాత్రం దాని జోలికి పోకండి" అని చెప్పి, తల్లిని వెంటబెట్టుకుని బజారుకు వెళ్ళింది ప్లీడరమ్మ. పెళ్ళయిన కొత్తలోంచి వింటున్న మాటే. ఈసారెందుకో మాస్టారుకు గుచ్చుకుంది.

అల్మరా వెనక గోడలో నిలువెత్తు గూడు ఉంది. ఒకప్పుడు అందులో బీరువా ఉండేదట. అది పోయినా గూడు చుట్టూ చెక్క చట్రం మిగిలింది. మాస్టారు ఖాళీ అల్మరాను ఓ పక్క ముందుకు లాగి, ముందురోజే కొలతకు కోయించి మంచం కింద దాచిన ప్లైవుడ్డుతో సహా ఆ గూట్లోకి దూరారు. టార్చి పళ్ళతో పట్టుకుని, జానెడుకో స్క్రూ చొప్పున అల్మరా వెనక ప్లైవుడ్డు బిగించారు. చివరి స్క్రూ తిప్పుతుండగా వీధి తలుపు చప్పుడైంది.

"చూశావా అమ్మా, అల్మరా అడ్డదిడ్డంగా లాగి ఎటో వెళ్ళిపోయారు" అంది ప్లీడరమ్మ.

"అల్లుడుగారు దేవుడులాంటి మనిషి. చేతులే పనికిరావు" అన్నారు అత్తగారు.

పిలుద్దామని టార్చి తీసి తెరిచిన నోరు ఆ మాటతో మూసుకుపోయింది. ఇద్దరూ కలిసి ఒక్క తోపు తోశారు. అల్మరా వెళ్ళి చట్రానికి ఆనుకుంది. మాస్టారు గూట్లో, వెలుతురు బయట.

"ఇంకా కదులుతూనే ఉందే" అంటూ ప్లీడరమ్మ తల్లితో కలిసి కూరలు కడగడానికి పెరట్లోకి వెళ్ళింది.

అది గోడకు బిగించకపోతే కదలదూ మరి! మాస్టారుకు రోషం వచ్చింది. లోపలి నుంచే చట్రాన్నీ అల్మరానూ కలిపి పొడవాటి స్క్రూలు బిగించేశారు. బిగించాక, తాను ఏ పక్కన ఉన్నారో గుర్తొచ్చింది. చెమట పట్టిన చేతిలోంచి స్క్రూడ్రైవరు జారి, అల్మరా కింది సందులోంచి హాల్లోకి దొర్లిపోయింది.

"అమ్మాయ్, స్క్రూడ్రైవరు!" అన్నారు పెరట్లోంచి వచ్చిన అత్తగారు. "మనం పెరట్లో ఉండగా మన అబ్బాయి వచ్చి వెళ్ళినట్టున్నాడే. వాడి దగ్గర తాళంచెవి ఉందిగా!"

ప్లీడరమ్మ అల్మరాను పట్టుకుని ఊపింది. గోడను ఊపినట్టుంది. "బంగారం! అడగ్గానే వచ్చి చేసి వెళ్ళాడు!" అంటూ పుస్తకాలన్నీ ఎత్తి పెట్టేసింది. తర్వాత తమ్ముడికి ఫోను కలిపి, వంటింట్లోకెళ్ళిన తల్లికి కూడా వినబడేలా స్పీకరు పెట్టింది.

"ఒరేయ్, అల్మరా ఎంత గట్టిగా చేశావురా!"

అటువైపు ఆవలింత లాంటిది వినబడింది. "ఆఁ... ఏదో చిన్న పనేలే అక్కా."

"అబద్ధం!" అంది అల్మరా.

వంటింట్లో గిన్నె కిందపడింది. ప్లీడరమ్మ ఫోను వదిలేసింది కానీ కోర్టు అలవాటు వదల్లేదు.

"ఎవరది?"

"నేనే."

"ఎక్కడున్నారు?"

"అల్మరా వెనక."

"అక్కడేం చేస్తున్నారు?"

"వింటున్నాను."

ప్లీడరమ్మ మొహం పాలిపోయింది. పొద్దుటి నుంచీ అన్నవన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చినట్టున్నాయి. గబగబా పుస్తకాలు దించి, తల్లితో కలిసి అల్మరాను లాగింది. వెంట్రుకవాసి కదల్లేదు. ఈలోగా, ఫోన్లో కేకలు విన్న బావమరిది పనిముట్ల సంచితో పరిగెత్తుకొచ్చాడు. లాగాడు. కాలు గోడకు తన్నిపెట్టి మళ్ళీ లాగాడు. ముందు నుంచి అట్ట చింపి, వెనకున్న ప్లైవుడ్డు మీద సుత్తితో బాదాడు. సుత్తి పిడి ఊడింది.

"బావగారూ, ఏం పెట్టారండీ దీనికి?" అన్నాడు వగరుస్తూ.

"ఏదో చిన్న పనేలే" అన్నారు మాస్టారు లోపలి నుంచి.

"లోపలికి గాలి ఆడుతోందా అండీ?" అంది ప్లీడరమ్మ.

"ఆడుతోంది. ఆ స్క్రూడ్రైవరు కింది సందులోంచి తొయ్యి, వచ్చేస్తాను. అంతకన్నా ముందు ఈ పని ఎవరు చేశారో వాణ్ణి చెప్పమను."

"బావగారే చేశారు" అన్నాడు బావమరిది.

"అత్తయ్యగారికి వినబడలేదేమో."

"బావగారే చేశారు!" అని అరిచాడు వాడు, వీధిలోకి వినబడేలా.

స్క్రూడ్రైవరు లోపలికి వెళ్ళింది. కాసేపటికి అల్మరాను ఓ పక్క తెరుచుకుని, దుమ్ము కొట్టుకుపోయి, ఛాతీ ముందుకు పెట్టి మాస్టారు బయటికొచ్చారు. ప్లీడరమ్మ కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"ఇంత పని వచ్చని నాకెప్పుడూ చెప్పలేదేమండీ?"

"నువ్వు నన్నెప్పుడు ముట్టుకోనిచ్చావు?"

ఆమె దగ్గర జవాబు లేదు. జవాబు లేని ప్లీడరమ్మను మాస్టారు మొదటిసారి చూశారు. తనివితీరా చూశారు.

బావమరిది మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. పనిముట్ల సంచిని రెండు చేతులా ఎత్తి, "ఇక ఇది మీ దగ్గరే ఉండాలి బావగారూ" అని అందించాడు. మాస్టారు దాన్ని పతకం అందుకున్నట్టు అందుకున్నారు. సాయంత్రానికి అత్తగారికి తన మంచం కిర్రుమంటోందని గుర్తొచ్చింది. మేడ మీది వాళ్ళ కిటికీ, ఎదురింటి వాళ్ళ గేటు, మరదలి ఇంటి చెప్పుల స్టాండు వరసలో నిలబడ్డాయి.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు బావమరిది హాయిగా నిద్రపోతున్నాడు.