రాని పేషెంట్లు వచ్చిన రోజు

పళ్ళ డాక్టరు ఆ ఉదయం కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా కంప్యూటరు ముందు కూర్చుని, ఆన్‌లైన్ బుకింగును క్లినిక్ క్యాలెండరుతో కలిపేశాడు. సాయంత్రం నాలుగింటికి కూతురి ఈత పోటీ. ఇదివరకు రెండు పోటీలకు వెళ్ళలేకపోయాడు. "ఈసారి కూడా రాకపోతే ఇంక నిన్ను దేనికీ పిలవను నాన్నా" అని ఆ పిల్ల ఏడవకుండా, అరవకుండా చెప్పింది. అరిచి ఉంటే ఆయనకు ఇంత భయం వేసేది కాదు.

"ఇక మీకు ఫోన్ల గోల తప్పింది అక్కయ్యగారూ! మూడున్నర నుంచి ఎవరూ బుక్ చేసుకోకుండా మూసేశాను. ఇంకో సంగతి, ఫోన్ నంబరు లేని పేర్లన్నీ కాసేపట్లో అవే ఎగిరిపోతాయి. ఆ ఖాళీల్లో జనం ఇంట్లో కూర్చునే బుక్ చేసుకుంటారు" అన్నాడు రిసెప్షనిస్టుతో. పేషెంట్లకూ, డాక్టరుకూ, ఆయన కూతురికీ కూడా ఆవిడ అక్కయ్యే.

అక్కయ్య గబుక్కున క్యాలెండరు తెరిచి చూసుకుంది.

డాక్టరు చేయి మంచిదే, చిక్కంతా నోటితోనే. పేషెంటు నోరు బార్లా తెరిపించి, జవాబు చెప్పే వీల్లేకుండా చేసి, తీరిగ్గా కబుర్లు చెబుతాడు. అందుకని అక్కయ్య కొన్నేళ్ళుగా ఇద్దరు పేషెంట్ల మధ్య లేని మనిషినొకరిని క్యాలెండర్లో కూర్చోబెడుతోంది. ఒక బ్యాంకు మేనేజరు, ఒక టైలరు, ఒక లెక్కల మేష్టారు. పుట్టనే లేదు కనుక వాళ్ళు రారు. ఆ సందులో డాక్టరు వెనకబడ్డ పని అందుకుంటాడు. "ఈ మేనేజరుకు మాట మీద నిలబడే గుణమే లేదు" అని తిట్టుకుంటాడు కూడా.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ వరసగా ఉన్నారు. వాళ్ళు ఎగిరిపోతే ఆ ఖాళీల్లోకి నిజం పంటి నొప్పులొస్తాయి. ఇంక డాక్టరు పోటీకి వెళ్ళినట్టే! అక్కయ్య అటూ ఇటూ చూసి మేనేజరుకు తన అత్తగారి నంబరు, టైలరుకు తోటికోడలి నంబరు, మేష్టారికి మరిది నంబరు తగిలించింది.

నంబరు పడగానే దానికి కంప్యూటరు సందేశం పంపుతుందని ఆవిడకు తెలియదు. ఆ సందేశాన్ని, రాని పేషెంట్ల మీద కసితో, డాక్టరు స్వయంగా రాశాడు: "ఈ మధ్యాహ్నం మీకు పళ్ళ వైద్యం. తప్పక రావాలి. రాకపోతే తరవాత జరిగేదానికి మా బాధ్యత లేదు."

భోజనాలవగానే ముగ్గురూ తలుపు తోసుకుని వచ్చారు.

"నా పళ్ళకేమైంది అక్కా? నాకు తెలియకుండా నీకెవరు చెప్పారు?" అంది తోటికోడలు కంగారుగా.

"నేను నొప్పని ఎవరికీ చెప్పలేదు వదినా, నీకెలా తెలిసింది?" అన్నాడు మరిది, వాచిన దవడ పట్టుకుని.

అత్తగారు కోడల్ని ఎగాదిగా చూసింది. "నావి కట్టుడు పళ్ళు కదే. మీ డాక్టరు ఏం పీకుతాడట?"

ఇంతలో డాక్టరు తలుపు తీసి, "బ్యాంకు మేనేజరుగారు వచ్చారా?" అని కేకేశాడు. అక్కయ్య దిక్కు తోచక అత్తగారిని లోపలికి నెట్టింది.

"ఇన్నేళ్ళకు దర్శనమిచ్చారా! కూర్చోండి, కూర్చోండి. ఏ బ్రాంచండీ మీది?"

"ఇంటి బ్రాంచే బాబూ. పెళ్ళయినప్పటి నుంచీ నేనే నడుపుతున్నా" అందావిడ.

డాక్టరు ముగ్ధుడైపోయాడు. ఆవిడ కట్టుడు పళ్ళు పరీక్షకని చేతిలోకి తీసుకుని కబుర్లలో మునిగాడు. ఆ తరవాత వచ్చిన టైలరుకు సూదిలో దారం ఎక్కించడం రాదని తెలిసి జాలిపడ్డాడు. మేష్టారి పన్ను మాత్రం నిజంగానే పీకాల్సి వచ్చింది. పీకాక కూడా వదలకుండా, ఏ బడిలో చెబుతారని అడిగాడు. మరిది నోటి నిండా దూది ఉండటంతో జవాబు రాలేదు.

నాలుగు దాటింది. ఇంకా దాటిపోతోంది. కుర్చీలో పేషెంటు ఉండగా టైమైందని ఎంత చెప్పినా ఆయన చెవికెక్కదు. అక్కయ్య తలుపు పట్టుకుని నిలబడింది. నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఆ పిల్ల తండ్రిని ఇంకెప్పుడూ పిలవదు. ఆ పిల్లంటే ఆవిడకు ప్రాణం.

"డాక్టరుగారూ, ఆయన మేష్టారు కాదు, మా మరిది. ఆవిడ మా అత్తగారు. అసలు మీకు మేనేజరే లేడు, ఎప్పుడూ లేడు. అందర్నీ నేనే పుట్టించాను. ముందు పోటీకి పరిగెత్తండి, తిట్లు రేపు తిడుదురుగాని."

డాక్టరు గడియారం చూసి పాలిపోయాడు. తెల్లకోటుతో, జేబులో అత్తగారి కట్టుడు పళ్ళతో, వీధిన పడి పరిగెత్తాడు.

ఈత కొలను చేరేసరికి అంతా అయిపోయిందనే అనుకున్నాడు, ఏడుపొక్కటే తక్కువ. కూతురు గట్టు మీద కాళ్ళాడిస్తూ కూర్చుని ఉంది. ఒంటి మీద తడి లేదు.

"పోటీ నాలుగింటికి కదమ్మా?"

"ఐదింటికి నాన్నా. నీకు నాలుగని చెప్పమంది అక్కయ్య."

డాక్టరుకు కోపం రావలసిన చోట కళ్ళు చెమర్చాయి. వెళ్ళి జనంలో కూర్చున్నాడు. పక్కాయన ఆవలించాడు. లోపల పుచ్చిపోయిన పన్నొకటి స్పష్టంగా కనిపించింది. డాక్టరు బలవంతాన చూపు తిప్పుకుని, నోరు కట్టేసుకుని, పోటీని మొదట్నుంచి చివరిదాకా చూశాడు.

తండ్రి ఉన్నాడో లేడో అని మధ్యలో రెండుసార్లు ఆగి తలెత్తి చూసుకోవడంతో, కూతురు అందరికంటే చివర వచ్చింది.