డాబా మీద మంచు బూట్లు

మేడే నాడు పాత దోస్తులతో భువనగిరి గుట్ట ఎక్కాలి. అందుకోసం కొత్త బూట్లను నడిచి నడిచి మెత్తబరచాలి. ఉప్పల్‌లో తన ఇంట్లో చాయ్ తాగుతూ ఆ పొద్దున సిద్దయ్య వేసుకున్న పథకం ఇంతే. ఇందులో ఎవరినీ ఇబ్బంది పెట్టే ఉద్దేశం లేదు.

నాచారంలో ఆయన పనిచేసిన ఫ్యాక్టరీ నడిచిన కాలంలో మేడే సెలవంటే గుట్టే. పొద్దున్నే బస్సెక్కి, ఎండ ముదిరేలోపు ఆ నున్నటి బండ మీద ఉండేవారు. కాళ్లకు లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. బండ ఎంత కాలినా వాటికి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. పైన కూర్చుని పాటలు పాడుకుని, ఫోర్‌మన్‌ను తనివితీరా తిట్టుకుని దిగేవారు. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, టైరు చెప్పులు కుట్టే మనిషి ఎటో వెళ్లిపోయాడు, గుట్ట ఎక్కడం ఆగిపోయింది. ఆ పాటలను సిద్దయ్య ఇప్పటికీ స్నానం చేస్తూ పాడుకుంటాడు. అందుకే ఈ ఏడు దోస్తులు ఫోన్ చేసి, "మోకాళ్లు ఇంక ఆగెటట్టు లేవు సిద్దన్నా, గిదే ఆఖరు" అన్నప్పుడు, ఏమైనా సరే వెళ్లి తీరాలనుకున్నాడు.

పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు కల్పన ఆయన్ను బూట్ల దుకాణానికి తీసుకెళ్లింది.

"జాలీ బట్టవి తీస్కో నాన్నా. తేలిగ్గ ఉంటయి, గాలాడుతది. ఎండకు కాళ్లు ఉబ్బుతయి, ఒక సైజు పెద్దవే మంచిగుంటయి."

సిద్దయ్య ఒక్కో జతనూ చేత్తో ఎత్తి చూసి, అన్నిటికన్నా బరువైనవి, చీలమండ పైదాకా మందపాటి తోలున్నవి, కాలికి బిర్రుగా పట్టినవి ఎంచుకున్నాడు.

"అవి మంచుల నడిచెటియి నాన్నా!"

"మంచుకే తట్టుకున్నయి, ఎండకు తట్టుకోవా?" అని, వాటికి తోడుగా ఉన్ని సాక్సులు కూడా తీసుకున్నాడు. నాలుగు రోజులు ఇంట్లో తొడుక్కుని తిరగమని దుకాణంవాళ్లు సలహా ఇచ్చారు. పాపం, వాళ్లకు ఆయన భార్య సాలమ్మ సంగతి తెలియదు.

"ఇంట్ల బూట్లేంది? దేవుని అర్ర ఉన్నది, పొయ్యి ఉన్నది. గా సోకులన్నీ పైన జేస్కో పో!" అంది సాలమ్మ.

సిద్దయ్య డాబా మీదికి వెళ్లి పచార్లు మొదలుపెట్టాడు. మధ్యాహ్నానికి పాదాలు పొంగాయి. లేసులు విప్పి లాగితే బూట్లు కదల్లేదు. కిందికి పోదామంటే బూట్లతో గడప దాటనివ్వదు. బూట్లు ఊడి రావడం లేదని చెబుదామంటే పరువు తక్కువ. "ఇంకా నడవాలె, అన్నం పైకే తే" అని మెట్ల మీంచి కేకేశాడు. సాలమ్మ రుసరుసలాడుతూ వచ్చి, పళ్లెం పై మెట్టు మీద పెట్టి, వెనక్కి చూడకుండా దిగిపోయింది.

ఆరేసిన బట్టల కోసం డాబా ఎక్కిన అనంతలక్ష్మి అది చూసింది. ఆమె కింది వాటాలో అద్దెకుండే రైల్వే ఇంజనీరుగారి భార్య, రాజమండ్రి మనిషి.

"ఇంత ఎండలో ఇక్కడేం చేస్తున్నారు బాబాయిగారూ?"

"కిందికి పోయెటట్టు లేదమ్మా" అన్నాడు సిద్దయ్య దీనంగా.

ఆ మొహం చూశాక అనంతలక్ష్మికి వేరే వివరం అక్కర్లేకపోయింది. వెంటనే కల్పనకు ఫోన్ చేసింది. "మీ నాన్నగారిని డాబా మీదే ఉంచేశారమ్మా. అన్నం కూడా మెట్ల మీదే!" కల్పన కంగారుగా తల్లికి చేస్తే, "మీ నాయిననే అడుగు, నాకు ఇసుగొచ్చింది" అని సాలమ్మ ఫోన్ పెట్టేసింది. కల్పన నారపల్లిలో ఉన్న మేనమామ మైసయ్యకు చేసింది. "మామా, జర పోయి సూడవా?"

పొలమంతా ప్లాట్లయిపోయాక మైసయ్యకు పెద్దరికం తప్ప వేరే పని మిగల్లేదు. ఇద్దరు పెద్దమనుషులను ఆటోలో ఎక్కించుకుని బయల్దేరాడు.

ఈలోగా సిద్దయ్య పరువు వదిలేసి నిజం ఒప్పుకున్నాడు. సాలమ్మ ఆయన్ను డ్రమ్ము మీద కూర్చోబెట్టి, బకెట్‌తో తెచ్చిన చల్లటి నీళ్లు బూటు నిండా పోసి, రెండు చేతులా కాలు పట్టుకుని లాగసాగింది. నవ్వీ నవ్వీ ఆమె కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. సరిగ్గా అప్పుడే మైసయ్య డాబా ఎక్కాడు. భర్త కాళ్లు పట్టుకుని కన్నీళ్లు కారుస్తున్న చెల్లెలు కనిపించింది.

"బావా! మా చెల్లెతోని కాళ్లు పట్టిచ్చుకుంటున్నవా!"

అరుస్తూనే వెళ్లి చెల్లెల్ని భుజాలు పట్టి వెనక్కి లాగాడు. సాలమ్మ బూటు వదల్లేదు. బూటు ఊడింది, అన్నాచెల్లెళ్లు వెల్లకిలా పడ్డారు, బకెట్ బోర్లాపడి పెద్దమనుషుల పంచెలు తడిశాయి. సంగతి తెలిశాక రెండో బూటును ఆ పెద్దమనుషులే లాగి పెట్టారు. సిద్దయ్య మడమలు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి.

ఉత్త చేతులతో తిరిగి పోవడం మైసయ్యకు ఇష్టం లేదు. "ఇంత దూరం వచ్చినం. ఏమన్న ఉంటే చెప్పు చెల్లె."

"ఏం లేదన్నా" అనబోయి సాలమ్మ ఆగింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఉన్నది. ఏటేటా మేడేకు చీకట్ల లేసి పులిహోర జేసి డబ్బా కట్టిన. మాపటికి వస్తే, గుట్ట ఎట్లున్నదని అడిగేదాన్ని. 'పులిహోరల ఉప్పు తక్వైంది' అనెటోడు. గా గుట్ట ఎట్లుంటదో నాకు గిప్పటి దాక తెల్వదు."

సిద్దయ్యకు పాటలు గుర్తున్నాయి, ఫోర్‌మన్ గుర్తున్నాడు, కాలిన బండ గుర్తుంది. చీకట్లో లేచి డబ్బా కట్టిన మనిషి మాత్రం ఆ జ్ఞాపకాల్లో ఎక్కడా లేదు. ఆయనకు నిజంగా సిగ్గేసింది.

"ఈసారి నువ్వు గూడ వస్తవా?" అన్నాడు మెల్లగా.

"నేనొస్త. గీ బొబ్బలతోని నువ్వెట్లొస్తవ్?"

పెద్దమనుషులు సిద్దయ్య మడమలను ఇంకోసారి చూసి, సాలమ్మ ఒక్కతే పోవాలని తీర్పిచ్చారు.

మేడే నాడు, కల్పన తల్లికి కొనిచ్చిన జాలీ బూట్లు, ఒక సైజు పెద్దవి, తొడుక్కుని సాలమ్మ ఆయన దోస్తులతో బస్సెక్కింది. మడమలకు పసుపు పెట్టుకున్న సిద్దయ్య చీకట్లో లేచి పులిహోర కలిపి, డబ్బా కట్టి, వీధి చివరిదాకా కుంటుతూ వెళ్లి సాగనంపాడు. ఆఖరి గుట్ట తను లేకుండానే అయిపోతున్నందుకు పగలంతా మనసు పీకింది. సాయంత్రం సాలమ్మ ఎండకు కమిలిన మొహంతో వచ్చి, బూట్లు గడప బయటే విప్పి, అరుగు మీద కూర్చుని తనలో తానే నవ్వుకుంది. ఆమెనలా ఆయన ఏనాడూ చూడలేదు.

"గుట్ట ఎట్లున్నది?" అని ఆశగా అడిగాడు.

"పులిహోరల ఉప్పు తక్వైంది" అంది సాలమ్మ.