పొలానికొచ్చిన పడవ

ఆ ఉదయం మ్యాపుల ఆఫీసరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉపగ్రహం పంపిన నేలతడి పటాన్ని ఎనిమిదింటికల్లా కాలవల శాఖకు పంపించి, ఆనక తీరిగ్గా టీ తాగాలి. ఏ పొలానికి ఎప్పుడు నీళ్లు వదలాలో ఆ పటం చూసే వాళ్లు నిర్ణయిస్తారు. ఏడు వందల కిలోమీటర్ల పైనుంచి రాడారు అల మబ్బుల్ని దాటి వచ్చి, నేలను తాకి, ఎక్కడ ఎంత తడి ఉందో మోసుకుపోవడం పదేళ్లుగా చూస్తున్నా అతనికి వింతగానే ఉండేది.

ఆరోజు పటం తెరవగానే కళ్లు నులుముకున్నాడు. అంతా ముదురు నీలం! అంటే ఒక్క పొలం మిగలకుండా అన్నీ నీట మునిగినట్టే.

"రాత్రి వానేమైనా పడిందా?" అని పక్కసీటు ఉద్యోగినిని అడిగాడు.

"మా వీధిలో పడలేదు సార్. అయినా మా వీధొక్కటే లోకమా?"

ఆ మాట సబబుగానే తోచింది. ఉపగ్రహం అబద్ధమాడదు కదా అని పటం పంపేశాడు.

అరగంటలో కాలవల శాఖ తూములన్నీ దించేసింది. తూములు దించారంటే ఎక్కడో గండి పడే ఉంటుందని వరద సహాయం వాళ్లు ఉలిక్కిపడ్డారు. లారీ మీద పడవనెక్కించి, కాలవ మొదట్లో ఉన్న పొలానికి పరుగులు తీయించారు. అది ఆఫీసరుగారి మేనత్త మొక్కజొన్న పొలం.

ఆవిడ ఫోన్ చేసింది. "ఒరే, ఇవాళ నీళ్ల వంతు నాది. కంకి పాలు పోసుకుంటోంది. ఇవాళ తడి అందకపోతే గింజ కట్టదు. కాలవెందుకు కట్టేశార్రా?"

"అత్తా, నీ పొలం మునిగిపోయింది కదా!"

"ఎవరి పొలం?"

"నీదే. పటంలో చూస్తున్నాగా. ముందు గట్టెక్కి నిలబడు."

"గట్టు మీదే ఉన్నాను. కాళ్ల కింద దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ములోనే ఎవరో పడవేసుకొచ్చి నన్నెక్కమంటున్నారు!"

వెనకనుంచి ఎవరిదో గొంతు: "అమ్మా, కంగారుపడకండి. ముందీ లైఫ్ జాకెట్ వేసుకోండి."

ఆఫీసరు స్కూటరెక్కాడు. వెళ్లి చూస్తే నెర్రెలిచ్చిన నేల, దాని మీద పడవ, గట్టున నారింజరంగు జాకెట్లో మేనత్త. అతనికి తల కొట్టేసినట్టయింది. అప్పుడు పొలం మూల తనే నిలబెట్టిన రేకులు కంటపడ్డాయి. మూడు లోహపు పలకల్ని గది మూలలా కలిపిన సాధనమది. రాడారు అల దానికి తగిలి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఆ మెరుపు ఎంతుండాలో ముందే తెలుసు కనక, దాన్నిబట్టే మిగతా నేలంతా కొలుస్తారు. మెరుపు తగ్గితే కంప్యూటరు ఉపగ్రహమే నీరసించిందనుకుని ప్రతి పొలం లెక్కా పెంచేస్తుంది. లెక్క పెరిగితే తడి పెరిగినట్టే.

ఆ రేకుల్లో నీళ్లున్నాయి; వాటికి తగిలి అల దారి తప్పింది. లేగదూడ మూతి పెట్టి తాగుతోంది.

"అడుగున చిల్లుండాలే!" అన్నాడు ఆఫీసరు.

"దూడకి నీళ్లు పోస్తే కారిపోతున్నాయని గుడ్డపేలిక కుక్కాను. తొట్టి ఎత్తు దానికి అందదు. ఏం, తప్పా?"

అతను పేలిక లాగేశాడు. ఫోన్ మీద ఫోన్ చేసి తూములెత్తించాడు. మధ్యాహ్నానికి నీళ్లొచ్చాయి. నేల గటగటా తాగేసింది.

ఆవిడ మాత్రం పేలిక చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. "అయితే నేనిది కుక్కిన సంగతి అంత పైకి తెలిసిపోయిందా?"

"తెలిసింది అత్తా. అర్థం కానిది నాకే."

"పొద్దున ఇన్ని పొలాల్లో నీళ్లున్నది ఈ రేకులోనే. సరిగ్గా దాన్నే పట్టుకుంది చూడు!" అని ఆవిడ తలెత్తింది. పడవవాళ్లూ తలలెత్తారు. ఆకాశంలో ఏమీ లేదు. అయినా చాలాసేపు ఎవరూ తల దించలేదు.

సాయంత్రం పైవాళ్లు సంజాయిషీ అడిగారు. ఉపగ్రహంలో లోపం లేదని రాసి, 'పొరపాటుకు కారణం' అన్న గడి దగ్గర ఆఫీసరు కాస్త ఆగాడు. తర్వాత 'దాహం' అని నింపాడు.